కొత్తగా లారీ ఎక్కేవారికి.. కాగితం, కాటా, కునుకు

విజయవాడ: ఒకప్పుడు లారీ డ్రైవరు కాదలచిన కుర్రవాడు ముందుగా క్లీనరుగా చేరేవాడు. నాలుగైదేళ్లు బండి కడిగి, టైర్లలో గాలి చూసి, పట్టా కప్పి, తాళ్లు బిగించి, గురువుగారు నిద్రించే వేళ బండికి కాపలా కాసి, యార్డులో ఖాళీ బండిని ముందుకూ వెనక్కూ తిప్పుతూ పని నేర్చుకునేవాడు. ‘ఇక పట్టరా’ అని గురువు అన్ననాడు స్టీరింగు చేతికి వచ్చేది. ఆ లోగానే ఏ దారిలో ఏ మలుపు ఉన్నదో, ఏ కాటా ఎక్కువ తూకం చూపుతుందో, ఏ ధాబా వద్ద డీజిలు పోతుందో అతనికి తెలిసిపోయేది.

ఆ పద్ధతి కనుమరుగవుతున్నది. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు విధిగా ఉండాలన్న నిబంధనను కేంద్రం 2018లో తొలగించింది. క్లీనరు జీతం, బత్తా మిగులుతాయన్న ఆలోచనతో చాలామంది యజమానులు ఒక్క డ్రైవరుతోనే బండ్లు తిప్పుతున్నారు. ఫలితంగా హెవీ లైసెన్సు చేతికి వచ్చిన కొద్ది నెలలకే పది టైర్ల బండితో, పక్క సీటు ఖాళీగా, రాష్ట్రం దాటి వెళ్లవలసిన పరిస్థితి కొత్తవారికి ఎదురవుతున్నది. క్లీనరుగా ఉన్న కాలంలో చూసి నేర్చుకునే విషయాలను వీరికి చెప్పేవారు లేరు.

వాటిలో మొదటిది ఇది. బండి యజమానిది, సరకు వ్యాపారిది, బుకింగు ట్రాన్స్‌పోర్టు కంపెనీది. దారిలో ఆపిన అధికారి కాగితం మీద ముందుగా రాసుకునేది మాత్రం డ్రైవరు పేరు, అతని లైసెన్సు నంబరు. కనుక బండి కదలక ముందు డ్రైవరు తన కళ్లతో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ‘అంతా ఆఫీసులో చూసుకున్నారు’ అన్న మాట రోడ్డు మీద చెల్లదు.

లైసెన్సు సంగతి

మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. అంతకుముందు లైట్ మోటారు వాహనం లైసెన్సు పొంది కనీసం ఏడాది గడిచి ఉండాలి. ఆ తరువాతనే హెవీకి ఎల్ఎల్ఆర్ ఇస్తారు. వైద్యుడు ఇచ్చే ఫారం 1ఏ, గుర్తింపు పొందిన డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 జత చేయవలసి ఉంటుంది. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతును 2019లో ఎత్తివేశారు. బడి మధ్యలో మానినవారు ఈ సంగతి తెలియక ఇప్పటికీ మధ్యవర్తులకు డబ్బు ఇచ్చి దొంగ సర్టిఫికెట్లు తెచ్చుకుంటున్నారు. అవసరం లేని కాగితం కోసం కేసులో ఇరుక్కోవడం తప్ప దీనివల్ల ఒరిగేది లేదు.

రవాణా వాహనం లైసెన్సు గడువు పూర్వం 3 ఏళ్లు ఉండేది. 2019 సవరణతో అది 5 ఏళ్లు అయింది. పెట్రోలు, గ్యాస్, యాసిడ్ వంటి ప్రమాదకర సరకు నడిపేవారికి 3 ఏళ్లు. వీరు ప్రత్యేక శిక్షణ పొంది లైసెన్సు మీద ఆ మేరకు నమోదు చేయించుకోవాలి. ఇక్కడ చాలామంది గమనించని అంశం ఒకటున్నది. గడువు ముగిసినా మరో 30 రోజులు లైసెన్సు చెల్లే వెసులుబాటు పూర్వం ఉండేది. అదే సవరణతో అది పోయింది. గడువు నెలాఖరున ముగిస్తే ఒకటో తేదీ ఉదయం నుంచి లైసెన్సు లేనట్లే లెక్క. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి చివరి వారం దాకా ఆగవలసిన పని లేదు.

మొత్తం బరువు 7,500 కిలోలు మించని చిన్న రవాణా వాహనాలను లైట్ మోటారు వాహనం లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. కొత్తవారు నేరుగా పెద్ద బండి ఎక్కకుండా ఇటువంటి మినీ లారీల మీద ఒకటి రెండేళ్లు జిల్లాలోనే తిరగడానికి ఇది మంచి అవకాశం. పెద్ద బండి మీద పద్ధతిగా శిక్షణ కావాలనుకునేవారికి తెలంగాణలో రాజన్న సిరిసిల్ల జిల్లా మండెపల్లి, తమిళనాడులో నామక్కల్ వంటి చోట్ల శిక్షణ సంస్థలు ఉన్నాయి. వీధి చివరి డ్రైవింగ్ స్కూలులో పాత బండి మీద నాలుగు రౌండ్లు తిప్పిన అనుభవానికీ అక్కడి శిక్షణకూ పోలిక లేదు.

ఎక్కడ చేరాలి

కోస్తా జిల్లాలలో లారీ పని అంటే విజయవాడ ఆటోనగరే గుర్తుకు వస్తుంది. చెన్నై-కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు-మచిలీపట్నం 65వ నంబరు రహదారి కలిసే చోటు కావడం వల్ల లోడు దొరకని రోజు అరుదు. అయితే అన్ని లోడులూ కొత్తవారికి తగినవి కావు.

భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల నుంచి ఐసు పెట్టెలలో చేపలు, రొయ్యలు హౌరా వైపు వెళ్తాయి. ఇది గడియారంతో పందెం. ఐసు కరగకముందే చేరాలి. మార్కెట్టు వేళ తప్పితే ధర పడిపోతుంది. ఆ నష్టం మాట డ్రైవరు మీదకే వస్తుంది. బాకీ పడిన నిద్రతో పరుగెత్తించే ఈ లోడు కొత్తవారు మొదటి ఏడాది పట్టుకోకపోవడమే మంచిది. గోదావరి జిల్లాల కోడిగుడ్ల లోడుకు తొందరతో పాటు సున్నితం కూడా అవసరం. గుంతలో ఒక్కసారి గట్టిగా దిగితే ఎన్ని అట్టలు పగిలాయో దించినపుడుగాని తెలియదు. చీమకుర్తి గ్రానైటు దిమ్మెలు, ఉక్కు కాయిల్స్ ఒకే చోట బరువు నిలిపే సరకు. గొలుసు సరిగా బిగించకపోతే గట్టి బ్రేకు వేసినపుడు అవి క్యాబిను మీదకు వస్తాయి. ట్యాంకరు లోడు సగం ఉన్నపుడు లోపలి ద్రవం ఊగి మలుపులో బండిని పక్కకు లాగుతుంది.

నేర్చుకునేవారికి అనువైనవి జగ్గయ్యపేట, మాచర్ల వైపు సిమెంటు బస్తాలు, మిల్లుల బియ్యం, గుంటూరు యార్డు మిర్చి టిక్కీలు. బరువు సమంగా పడుతుంది, తొందర తక్కువ, దారులు తెలిసినవే. మిర్చి ఎత్తు పెరుగుతుంది కాబట్టి పట్టా, తాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. ఎత్తుగా కట్టిన లోడు గాలికి ఊగుతుంది, కింది విద్యుత్తు తీగలకు తగులుతుంది.

పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలో చేరితే జీతం తేదీకి వస్తుంది. 20 మంది, ఆపైన పనిచేసే చోట భవిష్యనిధి వర్తిస్తుంది. అయితే వేళకు చేర్చలేదని, మైలేజీ రాలేదని కోతలు కూడా లెక్క ప్రకారమే పడతాయి. ఒకటి రెండు లారీలున్న యజమాని దగ్గర చేరితే మాట సాయం, అవసరానికి అప్పు దొరుకుతాయి. లెక్క మాత్రం నోటిమాటగా ఉంటుంది. చాలా తగాదాలకు మూలం అదే.

మాట కాగితం మీద

లారీ డ్రైవరుకు ఆదాయం జీతం ఒక్కటే కాదు. ట్రిప్పుకు ఇంత అని, రోజుకు బత్తా ఇంత అని, మిగిల్చిన డీజిలులో వాటా అని, పట్టా మామూలు, లోడింగు మామూలు అని పలు రూపాలలో వస్తుంది. చేరిన నాడే వీటిలో ఏవి ఇస్తారో, ఏవి ఇవ్వరో అడిగి రాయించుకోవాలి. లోడు దించడానికి వెళ్లి గోదాము ముందు రెండు మూడు రోజులు నిలిచిపోతే బత్తా ఎవరు ఇస్తారు, పంక్చరు ఖర్చు ఎవరిది, దారిలో సరకు తరుగు వస్తే ఎంతవరకు మన్నిస్తారు అన్నవి తప్పక అడగవలసిన ప్రశ్నలు. అడగడానికి మొహమాటపడినవాడు నెలాఖరున అప్పుల్లో తేలుతాడు.

మైలేజీ సంగతి మరీ ముఖ్యం. లోడుతో ఉన్న పది టైర్ల బండి లీటరుకు మూడున్నర, నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. బండి వయసు, దారి ఎత్తుపల్లాలు, లోడు బరువును బట్టి ఇది మారుతుంది. యజమాని లీటరుకు నాలుగున్నర లెక్క కట్టి డీజిలు పోయించి, తక్కువ పడితే జీతంలో కోస్తానంటే ఒప్పుకోరాదు. మొదటి రెండు మూడు ట్రిప్పులు ట్యాంకు నింపి, మీటరు రీడింగు రాసుకుని, తిరిగి నింపి చూస్తే నిజమైన మైలేజీ తేలుతుంది. ఆ లెక్క మీదనే మాట్లాడుకోవాలి.

చేరేటపుడు అసలు లైసెన్సు, ఆధార్ కార్డు ‘ఆఫీసులో ఉంచండి’ అని అడిగేవారున్నారు. నకలు ఇవ్వాలే గాని అసలు ఇవ్వరాదు. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం అడిగిన చోట పని చేయకపోవడమే క్షేమం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని పని వేళలు నిర్ణయించింది. ఏకధాటిగా 5 గంటలు నడిపితే అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు ఆ చట్టం స్థానాన్ని తీసుకున్నాయి. రోజుకు 8 గంటల సూత్రం వీటిలోనూ ఉన్నది. నియామక పత్రం ఇవ్వడం యజమాని విధి అయింది. లారీ ఆఫీసులలో నియామక పత్రం అడిగితే నవ్వేవారే ఎక్కువ. అయినా అడగాలి. ప్రమాదం జరిగిన నాడు ‘ఇతడు మా డ్రైవరు కాడు’ అని తప్పుకునే యజమాని ముందు ఆ కాగితమే నిలుస్తుంది. అది దొరకని చోట జీతం, ట్రిప్పు అడ్వాన్సు బ్యాంకు ఖాతాలో వేయమనడం తదుపరి మార్గం. ఖాతా పుస్తకం కూడా సాక్ష్యమే.

కాటా దగ్గర

కొత్త డ్రైవరుకు మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే. పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితి పూర్వం 25 టన్నులు. 2018లో దానిని 28.5 టన్నులకు పెంచారు. ఇది బండి, సరకు కలిపిన బరువు. అంతకుముందే రిజిస్టరయిన బండ్లలో ఆర్సీ మీద పాత బరువే ఉండవచ్చు. కనుక తోటి డ్రైవర్లు చెప్పిన అంకె గాక తన బండి ఆర్సీలో ఉన్న అంకెనే నమ్మాలి.

లెక్క సులువు. ఆర్సీలో మొత్తం బరువు 28.5 టన్నులు, ఖాళీ బరువు 9.5 టన్నులు అనుకుంటే ఎక్కించదగిన సరకు 19 టన్నులు. వ్యాపారి 22 టన్నులు ఎక్కిస్తే 3 టన్నులు అదనం. 2019 సవరణ చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా 20 వేల రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. అంటే 26 వేలు. అదనపు సరకు అక్కడే దింపించాలి. తూకానికి ఆపమంటే ఆపకుండా వెళ్తే 40 వేలు. జరిమానా యజమాని కడతాడని ధైర్యపడేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. అధిక లోడు, అతివేగం, ఎర్రదీపం దాటడం, మద్యం సేవించి నడపడం, నడుపుతూ ఫోన్ మాట్లాడటం, సరకు బండిలో మనుషులను ఎక్కించడం.. ఈ ఆరింటికీ కనీసం 3 నెలలు లైసెన్సు నిలిపివేయాలని రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు నియమించిన కమిటీ 2015లో రాష్ట్రాలను ఆదేశించింది. జరిమానా యజమాని కట్టవచ్చు. ఆ మూడు నెలల కూలి ఎవరు ఇస్తారు?

బరువు ఎక్కువైతే జరిమానాతో పోదు. బ్రేకు వేసినపుడు బండి ఆగే దూరం పెరుగుతుంది. ఎండలో టైరు పేలుతుంది. పట్టీలు విరుగుతాయి. కొత్త చేతికి ఖాళీ బండి మీద అలవాటైన బ్రేకు అంచనా లోడు బండి మీద పనికి రాదు.

లోడు ఎక్కించిన వెంటనే కాటా చీటీ తీసుకుని, ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. అధికంగా ఉంటే ఆఫీసుకు ఫోను చేసి చెప్పి, అదే సంగతి సందేశంగా కూడా పంపాలి. ‘ఈ ఒక్కసారికి పోనీ రా’ అనే యజమానికి మర్యాదగా ‘దింపించండి బాబుగారూ, లైసెన్సు పోతే నేనే రోడ్డున పడతాను’ అని చెప్పడం మొదటి ట్రిప్పులోనే అలవాటు చేసుకోవాలి. మొదటిసారి ఒప్పుకున్నవాడు పదోసారి కాదనలేడు. బాడీ దాటి వెనుకకు పొడుచుకు వచ్చే ఇనుప చువ్వల లోడును 2014లోనే నిషేధించారు. రాత్రివేళ వెనుక వచ్చిన మోటారు సైకిలువారు వాటికి బలి కావడమే కారణం. అయినా చువ్వల చివర ఎర్రగుడ్డ కట్టి పంపే దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి.

కాగితాల సంచి

ఆర్సీ, ఫిట్‌నెస్, పర్మిట్, బీమా, పన్ను రసీదు, కాలుష్య ధ్రువపత్రం, డ్రైవరు లైసెన్సు.. వీటి గడువు తేదీలను ఒక చీటీ మీద రాసి క్యాబినులో అంటించుకోవడం పాత డ్రైవర్ల పద్ధతి. దానిని మించిన ఉపాయం లేదు. డిజిలాకర్, ఎం పరివాహన్ యాప్‌లలో చూపే పత్రాలు చెల్లుతాయని 2018లో నిబంధన సవరించారు. సిగ్నలు లేని అడవి దారిలో మాత్రం కాగితమే ఆదుకుంటుంది. బీమా పాలసీలో జీతం తీసుకునే డ్రైవరు విషయమైన బాధ్యత చేరి ఉన్నదో లేదో చదివించుకోవాలి.

సరకుకు సంబంధించినవి వేరు. ఇన్వాయిసు, లారీ రసీదు, 50 వేల రూపాయలు దాటిన సరకుకు ఈ-వే బిల్లు ఉండాలి. జీఎస్టీతో 2017 జూలైలో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయిగాని తనిఖీ పోలేదు. ఎక్కడైనా ఆపి చూడవచ్చు. డ్రైవరు స్వయంగా చూడవలసినవి మూడు. బిల్లులో ఉన్న బండి నంబరు తన బండిదేనా, బస్తాల సంఖ్య ఎక్కించిన దానితో సరిపోయిందా, గడువు ఎంతవరకు ఉన్నది. 2021 జనవరి నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు లెక్కిస్తున్నారు. విజయవాడ నుంచి కోల్‌కతా సుమారు 1,200 కిలోమీటర్లు. అంటే 6 రోజులు. బండి దారిలో చెడి ఆలస్యమైతే గడువు ముగియడానికి 8 గంటల ముందు గాని, ముగిసిన 8 గంటల లోపు గాని కంపెనీ దానిని పొడిగించవచ్చు. వేరే బండిలోకి సరకు మార్చితే బండి నంబరు మార్పించాలి. ఈ రెండూ ఆఫీసువారి పనులే. గుర్తు చేయవలసింది మాత్రం దారిలో ఉన్నవాడు. గడువు దాటిన బిల్లుతో దొరికితే సరకుతో పాటు బండినీ నిలిపివేస్తారు. పన్నుకు రెండింతలు జరిమానా కట్టేదాకా డ్రైవరు ఆ ఆవరణలోనే వంట చేసుకోవలసి వస్తుంది.

బస్తాలు లెక్కపెట్టకుండా సంతకం చేయడం కొత్తవారి సామాన్య పొరపాటు. హమాలీలు ఎక్కిస్తున్నపుడు పక్కన నిలబడి గీతలు గీసుకోవాలి. లెక్కపెట్టనివ్వని చోట, సీలు వేసిన కంటైనరు చోట రసీదు మీద ఆ సంగతి రాసి సంతకం చేయాలి.

తెల్లవారుజాము

బయలుదేరే ముందు బండి చుట్టూ ఒకసారి తిరగాలి. జాకీ రాడ్డుతో ప్రతి టైరు మీద కొడితే శబ్దంలో తేడా గాలి తగ్గిన టైరును చెబుతుంది. జంట టైర్ల నడుమ ఇరుక్కున్న రాయి తీయాలి. ఎయిరు ట్యాంకులో చేరిన నీరు వదలాలి. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్-6 బండ్లలో డీజిలుతో పాటు యూరియా ద్రావణం మట్టం కూడా చూడాలి. అది అయిపోతే ఇంజను శక్తి తగ్గి బండి ఈడ్చుకుంటూ నడుస్తుంది. దానికి బదులు నీళ్లు పోసే తెలివి చూపితే మరమ్మతు ఖర్చు జీతాలను మించిపోతుంది.

ఘాట్ రోడ్డులో దిగేటపుడు న్యూట్రల్ చేసి డీజిలు మిగల్చాలనుకోవడం ప్రాణాలతో చెలగాటం. గేరులో ఉన్న ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో భారమంతా బ్రేకుల మీద పడి, డ్రమ్ములు వేడెక్కి, మలుపు వద్ద పట్టు జారుతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత సూత్రం. చిత్తూరు జిల్లా మొగిలి ఘాట్, నల్లమలలో దోర్నాల దారి ఈ సూత్రాన్ని మరచినవారిని వదలవు. శ్రీశైలం దారులలో పులుల అభయారణ్యం కారణంగా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు నిలిపివేస్తారు. వేళ చూసుకుని బయలుదేరాలి.

అన్నింటికంటె పెద్ద శత్రువు నిద్ర. రాత్రి 2 నుంచి 5 గంటల మధ్య శరీరం తనంతట తాను నిద్రకు ఒరుగుతుంది. టీ, సిగరెట్టు, ఖైనీ, పాటల మోత దానిని ఆపవు, కొంచెంసేపు మరపిస్తాయి. కళ్లు తెరిచే ఉండి మెదడు రెండు మూడు సెకన్లు నిద్రలోకి జారడం డ్రైవరుకు కూడా తెలియదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 3 సెకన్లు అంటే 50 మీటర్లు. దాటి వచ్చిన ఊరు గుర్తుకు రాకపోవడం, బండి తెల్లగీత మీదకు పోవడం, రెప్పలు బరువెక్కడం గమనించిన క్షణమే ఆపాలి. పెట్రోలు బంకు ఆవరణలో గాని లారీలకు కేటాయించిన స్థలంలో గాని అరగంట కునుకు తీస్తే కొంత తేరుకోవచ్చు. పూర్తి నిద్రకు అది ప్రత్యామ్నాయం కాదు. నిద్ర రాకుండా మాత్రలు ఇచ్చేవారు దారి పొడవునా ఉంటారు. వాటి జోలికి పోరాదు. మాత్ర ప్రభావం తగ్గే వేళ డ్రైవరు ఎక్కడ ఉంటాడో ఎవరూ చెప్పలేరు.

ఒంటరి డ్రైవరు ఆఫీసుతో ముందే మాట్లాడుకోవలసింది ఇదే. ‘రేపు పొద్దుటికి చెన్నైలో ఉండాలి’ అన్నపుడు దూరం, లోడు, ఆగే చోట్లు లెక్క వేసి చేరగల వేళ చెప్పాలి. క్లీనరు ఉన్న రోజులలో మాట కలిపి మేలుకొలిపే మనిషి ఒకడు పక్కన ఉండేవాడు. అతడి జీతం మిగిల్చుకున్న యజమాని ఆ నాలుగు గంటల నిద్రనైనా డ్రైవరుకు ఇవ్వడం న్యాయం.

ఆపే చోటు గురించి కూడా చెప్పాలి. రోడ్డు అంచున దీపాలు ఆర్పి నిలిపిన లారీని వెనుక నుంచి కార్లు ఢీకొన్న వార్తలు ఈ పేజీల్లో తరచూ వస్తున్నవే. బండి చెడి రోడ్డు మీదనే ఆగితే నాలుగు దీపాలూ వెలిగించి, వెనుక తగినంత దూరంలో త్రికోణం పెట్టాలి. చెట్టుకొమ్మ, రాళ్లు పెట్టి, పని అయ్యాక వాటిని తీయకుండా వెళ్లడం మరో ప్రమాదానికి పునాది. జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరు ఉన్నది.

దారిలో చేయెత్తిన మనుషులను ఎక్కించుకుంటే చేతి ఖర్చులు వస్తాయని కొందరు ఆశపడతారు. సరకు బండిలో ఊరికే ప్రయాణించేవారికి బీమా సంస్థ బాధ్యత వహించదని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. సరకు యజమాని, అతని ప్రతినిధి మాత్రమే మినహాయింపు. వంద రూపాయలకు ఎక్కించిన మనిషి పోతే లక్షల పరిహారం బండి యజమాని మీద, కేసు డ్రైవరు మీద పడతాయి.

ప్రమాదం జరిగితే

బండి వదిలి పారిపోవడమే తెలిసిన ఉపాయం చాలామందికి. జనం కొడతారన్న భయం అబద్ధం కాదు. చట్టం కూడా దానిని గుర్తించింది. క్షతగాత్రులకు వైద్యం అందించడం డ్రైవరు విధి అంటూనే, మూక ఆగ్రహం వంటి కారణాల వల్ల వీలుకాని పరిస్థితిని మినహాయించింది. అయితే దగ్గరి పోలీసు స్టేషనుకు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల లోపు తెలియజేయాలి. అక్కడ నిలబడలేనపుడు కొంత దూరం వెళ్లి 112కు, 108కి ఫోను చేసి స్టేషనులో హాజరైతే అది పారిపోవడం కాదు.

భారతీయ న్యాయ సంహిత 106వ విభాగం ప్రకారం నిర్లక్ష్యంగా మరణానికి కారణమైతే 5 ఏళ్ల వరకు జైలు. తెలియజేయకుండా పారిపోతే 10 ఏళ్ల వరకు అన్న రెండో ఉపవిభాగానికి నిరసనగానే 2024 జనవరి మొదటి రోజులలో దేశమంతటా లారీలు ఆగి పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. 2024 జూలై 1న సంహితను అమలులోకి తెచ్చినపుడు ఆ ఉపవిభాగాన్ని మాత్రం కేంద్రం పక్కన ఉంచింది. మొదటి ఉపవిభాగం అమలులోకి వచ్చింది.

గాయపడినది డ్రైవరే కావచ్చు. రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రులలో 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. ఇంటివారి ఫోను నంబరు, రక్తం గ్రూపు రాసిన చీటీ లైసెన్సుతో పాటు జేబులో ఉంచుకోవాలి. తాళం వేసి ఉన్న ఫోనులోని నంబరు అపరిచితులకు ఉపయోగపడదు.

దించిన తరువాత

గోదాములో సరకు దించగానే పని ముగియదు. బస్తాలు అన్నీ ముట్టినట్టు ముద్ర, సంతకం, తేదీ ఉన్న రసీదు నకలు తీసుకోవాలి. ఆ కాగితం ఆఫీసులో అందితేగాని కిరాయి బ్యాలెన్సు విడుదల కాదు. తడిసినవి, చినిగినవి ఉంటే ‘తరుగు’ అని ఒక్క మాట రాయనివ్వకుండా ఎన్ని, ఏ రకంగా అన్నది రాయించాలి. చేరిన వేళ, దించడం మొదలైన వేళ కూడా అదే కాగితం మీద రాయించుకుంటే నిలిచిన రోజుల బత్తాకు ఆధారం ఉంటుంది.

తిరుగు లోడు కోసం ఎదురుచూసే రోజులలో బ్రోకర్లు చుట్టుముడతారు. ఆఫీసుకు చెప్పకుండా లోడు ఎక్కించుకోరాదు. సరకు ఏమిటో, ఎవరిదో తెలియని మూటలు క్యాబినులో పెట్టుకోరాదు. గంజాయి కేసులలో ‘నాకు తెలియదు’ అన్న డ్రైవర్లు నెలల తరబడి బెయిలు లేక జైళ్లలో ఉన్నారు.

ఇంటికి చేరిన రోజునే ట్రిప్పు లెక్క ఆఫీసులో అప్పగించాలి. తీసుకున్న అడ్వాన్సు, పోసిన డీజిలు లీటర్లు, మీటరు రీడింగులు, పంక్చరు, హమాలీ, పట్టా ఖర్చులు, రావలసిన బత్తా ఒక కాగితం మీద రాసి, యజమాని చేత గాని గుమాస్తా చేత గాని సంతకం చేయించి, నకలు తన దగ్గర ఉంచుకోవాలి. ‘రెండు మూడు ట్రిప్పులు కలిపి చూద్దాంలే’ అన్నపుడు కూడా ఆ ట్రిప్పు వరకు సంతకం చేయించుకునే తదుపరి లోడుకు వెళ్లాలి.